సాయంకాలపు వెలుగు

(సత్యనారాయణపేట పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై అయిదు సంవత్సరాల పండుగనాడు గతాన్ని తలచుకోవడం సహజం. కాని పాఠశాల అనేది రాబోయే కాలానికి పిల్లలను సిద్ధం చేసే చోటు. ఈనాడు ఒకటవ తరగతిలో అక్షరాలు దిద్దుతున్న బిడ్డ సంసారపక్షాన నిలబడే నాటికి ఆమె ఇంటి దీపం ఎక్కడి నుండి వెలుగుతుంది, ఏ వేళకు వెలుగుతుంది, దాని ఖరీదు ఎవరు చెల్లిస్తారు అన్నవి చిన్న ప్రశ్నలు కావు. అందుచేత ఈ ప్రసంగానికి విషయం విద్యుత్తు.

విద్యుత్తు ప్రస్తావన వచ్చినప్పుడు లోకం సాధారణంగా అడిగే ప్రశ్న ‘ఎంత ఉంది, ఎంత కావాలి’ అని. గడచిన తరాలన్నీ ఆ ప్రశ్నతోనే సతమతమయ్యాయి. రాబోయే తరం ఎదుర్కొనే ప్రశ్న ‘ఎప్పుడు’ అన్నది. మిట్టమధ్యాహ్నం పుష్కలంగా ఉన్న విద్యుత్తు దీపాలు పెట్టే వేళకు ఉంటుందా? పిల్లలు పుస్తకాలు తెరిచేది ఆ వేళకే గనుక ఈ ప్రశ్న ఇంజనీర్లది మాత్రమే కాదు, తల్లిదండ్రులది కూడా.

ఈ మార్పును అర్థం చేసుకోవడానికి బళ్లారి ప్రాంతం కంటే మంచి పాఠ్యపుస్తకం మరొకటి లేదు. డెబ్బై అయిదేళ్ల క్రితం ఈ ఊరు ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో భాగం. 1945లో పునాది పడిన తుంగభద్ర ఆనకట్ట పని అప్పటికి ఇంకా సాగుతూనే ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు చేరాయి. బళ్లారి, హొసపేట, సిరుగుప్ప మొదలైనవి మైసూరు రాష్ట్రంలో కలిశాయి. చుట్టరికాలు మాత్రం రెండు వైపులా మిగిలాయి.

ఆ సరిహద్దు గీత నదికి గాని, నది నుండి పుట్టిన విద్యుత్తుకు గాని అడ్డం రాలేదు. ఆనకట్టను నిర్వహించడానికి తుంగభద్ర బోర్డు ఏర్పడింది. ఆనకట్ట వద్ద ఒకటి, హంపి వద్ద కాలువ మీద మరొకటి జలవిద్యుత్కేంద్రాలు 1957 నుండి దశలవారీగా వెలిశాయి. ఒక్కొక్క చోట 9 మెగావాట్ల యంత్రాలు నాలుగేసి, మొత్తం 72 మెగావాట్లు. వాటిలో పుట్టే విద్యుత్తును ఆంధ్రకు 80 పాళ్లు, కర్ణాటకకు 20 పాళ్లు చొప్పున పంచుకుంటారు. నీరు ఒక్కటే, యంత్రం ఒక్కటే, వెలిగే ఇళ్లు రెండు రాష్ట్రాలవి. భాష మీద వాదాలు ముదిరిన రోజులలో కూడా ఆ పంపకం ఆగలేదు.

జలవిద్యుత్తుకు ఒక గొప్ప గుణం ఉంది. తూము తెరిస్తే నిమిషాలలో విద్యుత్తు, మూస్తే నిమిషాలలో విరామం. అడిగిన వేళకు వచ్చే విద్యుత్తు అది. దానికొక లోపమూ ఉంది: వాన కురిస్తేనే అది ఉంటుంది. పైగా తుంగభద్ర జలాశయంలో పూడిక పేరుకొని, మొదట 133 టి.ఎం.సీ.లుగా లెక్క వేసిన నిల్వ ఇప్పుడు సుమారు 105.8 టి.ఎం.సీ.లకు తగ్గింది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు కొట్టుకుపోయిన వైనం ఇక్కడి వారందరికీ తెలిసినదే. గేట్ల నిపుణులు కన్నయ్య నాయుడు గారి మార్గదర్శకత్వంలో, పారుతున్న నీటిలోనే తాత్కాలిక పలకలు దించి ప్రవాహాన్ని ఆపారు. కట్టడం ఎంత గొప్పదైనా వయసు మీరితే సేవ చేయక తప్పదని ఆ వారం రోజులు నేర్పాయి.

వాన మీద ఆధారపడలేక రాష్ట్రం బొగ్గు వైపు మళ్లింది. 1985లో పొరుగున రాయచూరులో మొదటి యంత్రం తిరిగింది. కర్ణాటకలో బొగ్గు గనులు లేవు. సింగరేణి కార్మికుడు భూగర్భంలో తవ్విన బొగ్గు రైలెక్కి వచ్చి రాయచూరులో మండితే ఇక్కడి ఇళ్లలో దీపం వెలిగింది. తరువాత కుడతిని వద్ద బళ్లారి థర్మల్ కేంద్రం వచ్చింది. 500 మెగావాట్ల యంత్రాలు రెండు, 700 మెగావాట్లది ఒకటి, మొత్తం 1,700 మెగావాట్లు. ఆనకట్ట, హంపి కేంద్రాలు రెండింటి శక్తితో పోలిస్తే ఇది ఇరవై మూడింతలకు పైమాటే. తోరణగల్లులో ఉక్కు కర్మాగారం పక్కన మరొక థర్మల్ కేంద్రం నడుస్తున్నది. అయితే ఈ దేశపు బొగ్గులో నూటికి ముప్పై నలభై పాళ్లు బూడిదే. ఆ బూడిద ఎక్కడ కాలుతుందో అక్కడే మిగులుతుంది. వెలుగు తీగల వెంట దూరం వెళ్లిపోతుంది. ఈ తారతమ్యం బళ్లారి వారికి ఎవరూ వేరే చెప్పనక్కరలేదు.

ఇక ఈ తరం చూస్తున్నది సూర్యుడిని. తుమకూరు జిల్లా పావగడ తాలూకా మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ నేల చుట్టుకొని ఉన్న ప్రాంతం. అక్కడి సౌర ఉద్యానం తిరుమణి, వళ్లూరు, బలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు అనే ఊళ్ల పొలాల మీద విస్తరించింది. ఆ పేర్లలోనే తెలుగు చెరువులు వినిపిస్తాయి. దాదాపు 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల సామర్థ్యం ఉన్న ఆ ఉద్యానం 2018 మార్చిలో ప్రారంభమై, 2019 చివరికి పూర్తి అయింది. ఉమ్మడి కర్నూలు జిల్లాలో గని, శకునాల గ్రామాల వద్ద 1,000 మెగావాట్ల సౌర ఉద్యానం 2017లో సిద్ధమయింది. ఏ ఎండ వల్ల ఈ రాయలసీమ, బళ్లారి నేలలకు కరువు సీమలన్న పేరు వచ్చిందో, ఆ ఎండే ఇప్పుడు పంట అయింది.

నీరు, బొగ్గు, ఎండ అన్న ఈ మూడింటినీ ఒకే తీగకు కట్టి నడపడమే ఇప్పుడు వచ్చిపడిన పని. ఆ పని ఎంత సున్నితమైనదో తెలియాలంటే గ్రిడ్డు నడిచే తీరు కొంత తెలియాలి.

ధాన్యాన్ని గాదెలో పోసి ఉంచవచ్చు. నీటిని చెరువులో నిలపవచ్చు. తీగలో పారే విద్యుత్తును మాత్రం అట్లా ఉంచడానికి వీలు లేదు. పుట్టిన క్షణానే వాడుక కావాలి. దేశమంతటా ప్రతి క్షణం ఉత్పత్తి, వాడకం సమంగా ఉండాలి. ఈ సమత్వానికి కొలత పౌనఃపున్యం. పదవ తరగతి పిల్లలు చదివే ఈ మాటకు అర్థం, తీగలోని విద్యుత్తు సెకనుకు ఎన్ని ఆవృత్తులు పూర్తి చేస్తుందన్నది. ఈ దేశంలో అది 50 హెర్ట్జ్‌లు. 49.90కి దిగకుండా, 50.05 దాటకుండా దానిని కాపాడాలని నియమం.

రథోత్సవం చూసిన వారికి దీనిని వివరించడం తేలిక. వేలమంది ఒకే మోకు పట్టి, ఒకే అదనులో లాగితే తేరు కదులుతుంది. ఒక గ్రిడ్డులోని జనరేటర్లన్నీ అట్లాగే ఒకే అదనులో తిరుగుతాయి. కొందరు చేతులు వదిలేస్తే తేరు నెమ్మదిస్తుంది, మిగిలిన వారి మీద భారం పడుతుంది. అలసి మరికొందరు వదిలేస్తే తేరు నిలిచిపోతుంది. దారి పల్లమైతే తేరు వేగం మించకుండా చక్రాల కింద కొయ్యదిమ్మెలు వేసేవారు సిద్ధంగా ఉండాలి. దక్షిణ రాష్ట్రాల తేరుకు ఆ దారి చూపించే చోటు బెంగుళూరులోని దక్షిణ ప్రాంతీయ లోడ్ డిస్పాచ్ కేంద్రం. అక్కడ రాత్రింబవళ్లు కళ్లు ఆ అంకె మీదనే ఉంటాయి.

1990వ దశకంలో దక్షిణాన ఆ అంకె 48 దరిదాపులకు పడిపోవడం మామూలుగా ఉండేది. పంకాలు నీరసంగా తిరగడం, మోటార్లు కాలిపోవడం ఆనాటి వారికి గుర్తుండే ఉంటాయి. 2003 జనవరి 1 నుండి దక్షిణ ప్రాంతంలో కొత్త ధర పద్ధతి వచ్చింది. గ్రిడ్డు కొరతలో ఉన్నప్పుడు మోతాదు మించి వాడుకున్న రాష్ట్రం ఎక్కువ చెల్లించాలి. ఆదుకున్న రాష్ట్రానికి ఎక్కువ ముడుతుంది. వేళకు వెల కట్టడంతో క్రమశిక్షణ వచ్చింది. ఈ ఒక్క పాఠం ఇంటింటికీ వర్తించే రోజు ఎంతో దూరంలో లేదు.

గ్రిడ్డు సున్నితత్వాన్ని దేశప్రజలంతా కలిసి పరీక్షించిన రాత్రి ఒకటి ఉంది. 2020 ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు, కరోనా కాలంలో, తొమ్మిది నిమిషాలు విద్యుద్దీపాలు ఆర్పి ప్రమిదలు వెలిగించమని పిలుపు వచ్చింది. దేశపు వాడకం కొన్ని నిమిషాలలోనే దాదాపు 31,000 మెగావాట్లు పడిపోయింది. ముందుగా వేసిన అంచనాకు ఇది రెండింతలకు పైబడినది. మళ్లీ కొన్ని నిమిషాలలోనే అంతా పైకి లేచింది. ఆ రాత్రి తేరును నిలిపినవి ప్రధానంగా జలవిద్యుత్కేంద్రాలు. ఎక్కడికక్కడ తూములు మూసి, మళ్లీ తెరిచి, అడుగు తడబడకుండా దాటించాయి. ప్రమిదలు పట్టుకొని వాకిట నిలబడిన ఇల్లాళ్లకు ఈ సంగతి తెలియదు. తెలియవలసిన అవసరం రాకపోవడమే ఆ ఉద్యోగుల విజయం.

తేరు ఎంత పెద్దదైతే అంత నిలకడ, అంత బాధ్యత. చాలాకాలం దక్షిణ రాష్ట్రాల గ్రిడ్డు తక్కిన దేశంతో ఒకే అదనులో నడవలేదు. తాల్చేరు నుండి కోలారుకు 2003లో వచ్చిన డీసీ లైనువంటి కొద్దిపాటి ద్వారాల గుండా మాత్రమే విద్యుత్తు అటూ ఇటూ పోయేది. 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తర, తూర్పు, ఈశాన్య భారతాలు చీకటిలో మునిగి దాదాపు అరవై కోట్ల మంది ఇబ్బంది పడ్డారు. దక్షిణానికి ఆ చీకటి సోకలేదు, వేరుగా ఉండటమే కారణం. కాని వేరుగా ఉన్నందుకే కొరత రోజులలో ఉత్తరాది మిగులు కూడా దక్షిణానికి చాలినంతగా అందేది కాదు. 2013 డిసెంబరు 31న రాయచూరు నుండి షోలాపూరుకు వేసిన 765 కిలోవోల్టుల లైను ద్వారా దక్షిణ గ్రిడ్డు దేశ గ్రిడ్డుతో ఏకమయింది. దేశాన్ని ఒకే తేరుగా కలిపిన ముడి పొరుగు జిల్లాలోనే పడిందన్నమాట. నాటి నుండి కాశ్మీరంలో మీట నొక్కినా, కన్యాకుమారిలో మీట నొక్కినా స్పందించే పౌనఃపున్యం ఒక్కటే.

ఈ తేరులోకి ఇప్పుడు సూర్యుడు చేరాడు. అతడు బలవంతుడు. కాని తన వేళకే వస్తాడు, తన వేళకే వెళ్తాడు. 2025 జూన్ నాటికి భారతదేశపు విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసు, చమురు వంటి ఇంధనాలు కానిదే అయింది. ఇది గర్వించదగినదే. అయితే సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. సౌర ఫలకం పగటిపూటనే పని చేస్తుంది గనుక ఏడాది పొడుగునా వాడే విద్యుత్తులో అత్యధిక భాగం ఇంకా బొగ్గుదే. మధ్యాహ్నం సూర్యుడు ధారపోస్తుంటే థర్మల్ కేంద్రాలను తగ్గించి నడపాలి. సాయంత్రం ఆరు దాటి, సూర్యుడు దిగిపోయి, ఇళ్లలో దీపాలు, పంకాలు, వంటింటి మిక్సీలు, వీధిలో అంగళ్లు అన్నీ ఒక్కసారి మేలుకున్నప్పుడు వాటినే గబగబా పెంచాలి. నిదానంగా, ఒకే తీరున నడవడానికి కట్టిన బొగ్గు యంత్రాలకు ఈ ఎక్కడం దిగడం శ్రమ.

మరొక చిక్కు కూడా ఉంది. బరువైన తేరు చేతులు వదిలినా ఒక్కసారిగా ఆగదు, కొంత దూరం దొర్లుతుంది. థర్మల్, జల కేంద్రాలలో టన్నుల కొద్దీ బరువున్న చక్రాలు తిరుగుతూ ఉండటం వల్ల, ఎక్కడైనా లోపం జరిగితే సరిదిద్దుకోవడానికి కొన్ని సెకన్ల వ్యవధి దొరుకుతుంది. సౌర ఫలకాలలో తిరిగే బరువు లేదు. అవి పెరిగేకొద్దీ తేరు తేలిక అవుతుంది. అంతేకాక, పౌనఃపున్యంతో పాటు వోల్టేజిని కూడా అదుపులో ఉంచాలి. 2025 ఏప్రిల్ 28 మధ్యాహ్నం స్పెయిన్, పోర్చుగల్ దేశాలలో వోల్టేజి అదుపు తప్పి పెరిగి, ఒకదాని వెంట ఒకటి విద్యుత్కేంద్రాలు విడిపోయి, కొన్ని సెకన్లలోనే రెండు దేశాలు చీకటి పాలయ్యాయి. రైళ్లు పట్టాల మీదే నిలిచిపోయాయి. మంచి ఎండ కాస్తున్న పగటివేళ జరిగిన సంగతి ఇది. దీనిని బట్టి సూర్యుణ్ణి తప్పు పట్టడం న్యాయం కాదు. కొత్త ఎద్దును కట్టినప్పుడు పాత కాడిని సరిచూసుకోవాలన్నదే ఇందులోని నీతి.

అట్లా సరిచూసుకునే ఉపాయాలు ఉన్నాయి. వాటిలో మొదటిది ఎత్తిపోతల నిల్వ. పాత రోజులలో కపిల తోలి బావి నీటిని పైకి చేది కాలువకు వదిలేవారు. అదే పని పెద్ద ఎత్తున చేయడమే ఇది. మధ్యాహ్నపు మిగులు విద్యుత్తుతో నీటిని పై జలాశయానికి ఎత్తుతారు. సాయంత్రం ఆ నీటినే కిందికి వదిలి విద్యుత్తు తీస్తారు. ఎత్తడానికి పట్టినదంతా తిరిగి రాదు. నూటికి ఇరవై, ఇరవై అయిదు పాళ్లు ఖర్చవుతుంది. అది వేళ మార్చినందుకు చెల్లించే కూలి. నాగార్జునసాగర్‌లోను, శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలోను నీటిని తిరిగి ఎత్తగల యంత్రాలను ముందుచూపుతో ఎప్పుడో అమర్చారు. నంద్యాల జిల్లా పిన్నాపురం వద్ద 1,680 మెగావాట్ల ఎత్తిపోతల నిల్వ పథకానికి 2022లో శంకుస్థాపన జరిగింది. సూర్యుడు, గాలి, నీరు మూడింటినీ ఒక చోట జోడించడం దాని ప్రత్యేకత.

రెండవ ఉపాయం పెద్ద బ్యాటరీలు. దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రం 2016 సెప్టెంబరులో తుపాను దెబ్బకు పూర్తిగా చీకటి పాలయింది. మరుసటి ఏడాది చివరికే హార్న్స్‌డేల్ వద్ద 100 మెగావాట్ల బ్యాటరీని నెలకొల్పారు. లోపం జరిగితే సెకనులో కొంత భాగంలోనే అది స్పందించగలదు. మూడవది గాలి. అనంతపురం ప్రాంతంలోని రామగిరి కొండల మీద 1990వ దశకం నుండే గాలిమరలు తిరుగుతున్నాయి. మబ్బు పట్టి ఎండ తగ్గే ఆషాఢ శ్రావణాలలోనే గాలి ఉద్ధృతంగా వీస్తుంది. ప్రకృతి ఒక చేత తీసినది మరొక చేత ఇస్తుంది.

ఈ ఉపాయాలన్నీ ఖర్చుతోను, కాలంతోను కూడినవి. నాలుగవది అన్నిటికంటే చవక అయినది, ప్రజల చేతిలో ఉన్నది. అది వాడే వేళను మార్చుకోవడం. అసలు విచారణ ఇక్కడే మొదలవుతుంది. సమాజంలో వేళ మార్చుకోగల అవసరాలు ఉన్నాయి, మార్చుకోలేని అవసరాలు ఉన్నాయి. ఆసుపత్రిలో కాన్పు వేళ మారదు. రోజంతా కూలికి పోయి వచ్చిన తల్లి వంట వేళ మారదు. మరుసటి ఉదయం పరీక్ష ఉన్న బిడ్డ చదువు వేళ మారదు. పదవ తరగతి పరీక్షలు వేసవి మొదలయ్యే మార్చిలోనే వస్తాయి. రాష్ట్రంలో విద్యుత్తు గిరాకీ శిఖరానికి చేరేదీ ఆ నెలలలోనే.

మార్చుకోగలిగినవి చూడండి. పైరుకు నీరు పగలు పెట్టినా రాత్రి పెట్టినా పైరుకు తేడా లేదు, రైతుకే తేడా. రాత్రి వంతు కరెంటు కోసం చీకటిలో గట్ల మీద నడిచి పాము కాటుకు గురైన కుటుంబాలు ఈ నేలలో ఎన్నో ఉన్నాయి. కర్ణాటకలో వాడే విద్యుత్తులో దాదాపు మూడవ వంతు పంపుసెట్లదే. 2023లో వానలు ముఖం చాటేసినప్పుడు ఒక వైపు జలాశయాలు అడుగంటాయి, మరొక వైపు పంపుసెట్ల గిరాకీ పెరిగింది. పొలాలకు ఇచ్చే గంటలనే కుదించవలసి వచ్చింది. ఆ పంపుసెట్లను సూర్యుడి వేళకు మార్చితే రైతు రాత్రి నిద్రపోతాడు, ఆ రాత్రి విద్యుత్తు ఊరికి మిగులుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి పగటిపూట తొమ్మిది గంటల సరఫరా ఈ దారిలోనిదే. కర్ణాటకలో వ్యవసాయ లైన్ల చెంతనే సౌర కేంద్రాలను నెలకొల్పే పథకం అమలవుతున్నది. 2025లో గౌరిబిదనూరు తాలూకాలో అటువంటి కేంద్రం ఒకటి ప్రారంభమయింది.

ఇక పట్టణం సంగతి. బళ్లారి జీన్స్ కుట్టుబడికి పేరుపొందిన ఊరు. కుట్టు మిషన్లు, ఉతుకుడు యంత్రాలు, బియ్యం మిల్లులు, పిండి గిర్నీలు ఎక్కువ భాగం పగటి పనికి ఒదిగేవే. ఇంట్లో నీళ్ల మోటారు, ఇస్త్రీ పెట్టె, బట్టలుతికే యంత్రం సాయంత్రం ఏడింటికే నడవాలన్న నియమం లేదు. విద్యుత్ స్కూటర్లు, ఆటోలు వీధి వీధినా వస్తున్నాయి. అందరూ పని నుండి ఇల్లు చేరి ఒకే వేళకు వాటిని మీటకు తగిలిస్తే సాయంకాలపు భారం రెట్టింపవుతుంది. అదే పగలు తగిలిస్తే మిగులు ఎండ వాటిలో నిల్వ అవుతుంది. 2023 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన నియమాల ప్రకారం సూర్యుడున్న గంటలలో విద్యుత్తు ధర పదీ ఇరవై శాతం తక్కువగాను, గిరాకీ గంటలలో ఎక్కువగాను ఉండాలి. పెద్ద వాడకందారులతో మొదలైన ఈ పద్ధతి క్రమంగా ఇళ్ల దాకా వచ్చేటట్లు ఉద్దేశించినది.

ఇక్కడ ఒక న్యాయం తప్పిపోకూడదు. వేళ మార్చుకోగల వెసులుబాటు కలవారికి ఎక్కువ, లేనివారికి తక్కువ. బ్యాటరీ కొనగల ఇల్లు సాయంత్రం ధర పెరిగినా చలించదు. రెండు గదుల ఇంట్లో ఒక దీపం, ఒక పంకా ఉన్న కుటుంబానికి తగ్గించడానికి ఏమీ ఉండదు. 2023 ఆగస్టు నుండి కర్ణాటకలో గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇళ్లకు ఊరట లభించింది. రేపు ఏ ధర పద్ధతి వచ్చినా పేద ఇంటి సాయంకాలపు దీపానికి అటువంటి రక్షణ ఉండి తీరాలి.

పావగడలో కూడా ఇదే ధర్మసందేహం కనిపిస్తుంది. అక్కడ రైతుల భూమిని కొనకుండా, ఎకరానికి ఏటా 21,000 రూపాయలతో మొదలుపెట్టి, రెండేళ్లకొకసారి పెంచే కౌలుకు తీసుకున్నారు. భూమి రైతు పేరనే మిగలడం మెచ్చదగిన పద్ధతి. కాని ఆ పొలాలలో కలుపు తీసి, పల్లీ పీకి బతికిన భూమిలేని కూలీలకు కౌలు రాదు, పని పోయింది. కొత్త వెలుగు ఎవరి నేల మీద పడుతున్నదో చూసినట్లే, ఎవరి పొయ్యి మీద నీడ పడుతున్నదో కూడా చూడాలి. బొగ్గు తగ్గే రోజులు వస్తే కుడతిని, రాయచూరు, సింగరేణి కార్మికుల బిడ్డల గురించి అదే విచారణ కావాలి.

ఈ మార్పులో ఒక పాఠశాల చేయగల పనులు మూడు కనిపిస్తున్నాయి.

మొదటిది కప్పు. పాఠశాల పని చేసే వేళ, సూర్యుడు పని చేసే వేళ ఒక్కటే. కిలోవాట్ సౌర ఫలకాలకు దాదాపు వంద చదరపు అడుగుల చోటు చాలు. ఈ ఎండలకు అది రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది. పది కిలోవాట్లు పెట్టుకుంటే తరగతి గదుల పంకాలు, దీపాలు, కంప్యూటర్లు నడిచి, ఆదివారాలు, వేసవి సెలవులలో మిగిలినది వీధిలోని ఇళ్లకు, అంగళ్లకు పారుతుంది. పిల్లలకు అంతకు మించిన ప్రయోగశాల ఉండదు. ఇళ్ల కప్పుల మీద పెట్టుకునే వారికి 2024లో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం మూడు కిలోవాట్ల వరకు 78,000 రూపాయల సహాయం ఇస్తున్నది. పాఠశాలకు ఆ సహాయం వర్తించదు గనుక, జూబిలీ జ్ఞాపకంగా ఏమి ఇవ్వాలా అని ఆలోచించే పూర్వ విద్యార్థులు దీనిని మనసులో ఉంచుకోవచ్చు. ఒక సంగతి ముందే తెలియాలి: బ్యాటరీ లేని సౌర ఫలకాలు కరెంటు పోయినప్పుడు తామూ ఆగిపోతాయి. స్తంభమెక్కి పని చేసే లైన్‌మన్‌కు కప్పుల మీది విద్యుత్తు ఎదురు పారి ప్రాణాపాయం కలగకుండా చేసిన ఏర్పాటు అది.

రెండవది పాఠం. విభవాంతరం, పౌనఃపున్యం, విద్యుదయస్కాంత ప్రేరణ అనే మాటలు పరీక్షలో వ్రాసి మరచిపోయేవి కావు. తెలుగులో చదివితే శాస్త్రం అబ్బదన్న అపోహకు జవాబు, ఈ మాటలను పిల్లలు తమ ఇంటి మీటరు దగ్గర నిలబడి తల్లిదండ్రులకు వివరించగలగడమే. ఒక వారం రోజులు ప్రతి గంటకూ మీటరు అంకె వ్రాసి, ఇంటి వాడకం ఏ వేళ పెరుగుతున్నదో రేఖాచిత్రం గీయడం ఎనిమిదవ తరగతి బిడ్డకు సాధ్యమైన పని. ఆ గీత సాయంత్రం ఏడింటికి లేచి నిలబడటం ఒకసారి కళ్లారా చూసిన బిడ్డకు గ్రిడ్డు గురించి మరొకరు చెప్పనక్కరలేదు.

మూడవది వృత్తి. గ్రిడ్డును నడిపేవారు, సబ్‌స్టేషన్లలో రాత్రి మేల్కొనేవారు, గాలివానలో తీగలు సరిచేసేవారు, బ్యాటరీలను పరీక్షించేవారు, సౌర ఉద్యానాలను కాపాడేవారు రేపు ఎందరో కావాలి. ఆ పనులు ఆడపిల్లలకు తగవన్న మాట ఈ పాఠశాల గోడల లోపల వినిపించకూడదు.

ఆనకట్ట కట్టిన తరం నీటిని పంచుకోవడం నేర్చుకుంది. సరిహద్దు గీసిన తరువాత కూడా పంచుకుంది. ఇప్పటి తరం వేళను పంచుకోవడం నేర్చుకోవాలి. రైతు పగటి వేళను తీసుకొని, మిల్లు మధ్యాహ్నాన్ని తీసుకొని, స్కూటరు మిట్టఎండను తీసుకొని, సాయంకాలాన్ని పిల్లలకు, రోగులకు, వంటింటికి వదిలిపెట్టే ఊరు ఎంత విద్యుత్తు ఉన్నా లేకున్నా చీకటి పాలు కాదు. ఆ ఊరు బళ్లారి కావాలి, అందులో ముందుగా సత్యనారాయణపేట కావాలి. ఈ పాఠశాల శతాబ్ది ఉత్సవం జరిగేనాటికి ఇక్కడ కూర్చునే తల్లిదండ్రులు ఈనాటి ఈ చిన్నారులే. సాయంత్రం తమ బిడ్డల పుస్తకం మీద వెలుగు నిలకడగా ఉందని వారు చెప్పగలిగితే, ఈనాటి పెద్దలు తమ పని తాము చేసినట్లే.